చెల్లాయి పాటకు 41 మార్కులు

మా చిన్నతనంలో పాట వినాలంటే రేడియో వారి దయ. వారు ఏది వేస్తే అది వినాలి. నచ్చకపోతే చెవి మెలిపెట్టి (రేడియో చెవి సుమండీ) కట్టేసుకోవాలి. అంతకు మించి మనకు అధికారం లేదు.

ఇప్పుడు అలా కాదట. మొన్న వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు నా ఫోనులో పాటల యాప్ ఒకటి పెట్టి, "తాతయ్యా, నీకు ఏ పాట కావాలంటే ఆ పాట అడుగు, వస్తుంది" అంది. ఘంటసాల అన్నాను, వచ్చారు. రావు బాలసరస్వతీదేవి అన్నాను, ఆవిడా వచ్చారు. ఇలా అడుగుతూపోతే ఎంతకాలం పడుతుందో చూద్దామనిపించింది. ఆపిల్ కంపెనీ వారు తమ దగ్గర పాటలు 10 కోట్లకు చేరాయని 2022లో ప్రకటించారు. పాటకు మూడు నిమిషాల చొప్పున కాగితం మీద లెక్క కట్టాను. నిద్రాహారాలు మాని రాత్రింబవళ్ళు విన్నా 570 ఏళ్ళు పడుతుంది. ఈ మాట మా ఆవిడతో చెబితే, "బాగానే ఉంది, మధ్యలో కూరలు ఎవరు తెస్తారు?" అంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఇంటిల్లిపాదీ ఒకే ఖాతా వాడడం వల్ల. ఆ యంత్రానికి మనుషులు తెలియరు. ఫలానా పాట విన్నవాళ్ళు ఇంకేం విన్నారు, దేన్ని సగంలో వదిలేశారు అన్న పద్దు ఒక్కటే దానికి తెలుసు. మా ఆవిడ తెల్లవారుజామున సుప్రభాతం పెట్టుకుంది. అది అయీ అవగానే మా మనవడు రోజూ వినే డప్పుల పాట అందుకుంది. వీధి వీధంతా లేచింది. స్వామి కూడా లేచే ఉంటారు.

పైగా ఈ పాటలేవీ మనవి కావు, అద్దెవి. క్యాసెట్టు కొన్నామంటే అది మన బీరువాలో పడుండేది. ఇక్కడ పాట హక్కులు గలవారికీ కంపెనీ వారికీ ఒప్పందం తీరిపోతే, పాట పేరు మాత్రం బూడిదరంగులో మిగులుతుంది, నొక్కితే పలకదు. వింక్ మ్యూజిక్ అనే కొట్టునైతే 2024లో మొత్తానికే కట్టేశారు.

సరే, అసలు సంగతికి వస్తాను. పాట వినడం చాలక, పాటతో ఆటలు కూడా వచ్చాయి. 1998లో జపానువారు కాళ్ళతో తొక్కే డాన్స్ డాన్స్ రెవల్యూషన్ తెచ్చారు. 2005లో అమెరికాలో గిటార్ హీరో వచ్చింది. దానికి తీగలు లేని ప్లాస్టిక్ గిటారు, అయిదు రంగుల మీటలు. మా మనవడు టీవీకి తగిలించింది పాడే ఆట. తెర మీద గీతలు మెట్లుమెట్లుగా వస్తూంటాయి. మన గొంతు సరిగ్గా ఆ గీత మీద పడాలి. పడితే మార్కులు.

వాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు పాడాడు. 83 వచ్చాయి. ఆ సాయంత్రం మా చెల్లాయి వచ్చింది. పదకొండేళ్ళు సంగీతం చెప్పించుకున్న మనిషి, పెళ్ళిళ్ళలో పేరంటాళ్ళలో ఆవిడ పాడకుండా హారతి ఇవ్వరు. నలుగురం బలవంతపెడితే పాత సినిమా పాట ఒకటి తనకు వచ్చిన తీరులో పాడింది. 41 వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు గాని, దాని మొహం చిన్నబోయింది.

యంత్రం తప్పు లెక్క వేసిందని నేననను. దానికిచ్చిన కొలబద్దే అది. మన పాటలో స్వరం ఒక్కచోట నిలబడదు కదా. తోడిలో గాంధారం చూడండి, పై స్వరానికీ కింది స్వరానికీ మధ్య ఊగుతూనే గాంధారం అనిపించుకుంటుంది, కదలకుండా పట్టి నిలబెడితే తోడి పోతుంది. ఈ ఆటకు గమకమంటే గీత తప్పడమే. ఒకప్పుడు మన ఆకాశవాణి వారికి ఇలాంటి పేచీయే హార్మోనియంతో వచ్చింది. మెట్ల మధ్యనున్న స్వరం దానికి పలకదని 1940లో దాన్ని గుమ్మం బయట నిలబెట్టారు. 1971లో గాని ఆ కట్టడి కొంత సడలించలేదు.

చెల్లాయి కాఫీ తాగుతూ, "నాకు 41 వేసింది సరే, అమ్మ పాడితే ఎన్ని వేస్తుందో దీనికి!" అంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది క్యాసెట్టు.

1983లో చెల్లాయి పెళ్ళికి ముందు రాత్రి, మా బావ కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరులో, పెరట్లో కూర్చుని అమ్మ పాడిన అప్పగింతల పాట అది. అమ్మ 1991లో పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. బీరువా అడుగున చెప్పుల పెట్టెలో దొరికింది. పెన్సిలు దూర్చి రీలు బిగించాను. వినిపించే యంత్రం కోసం మూడు రోజులు తిరిగి, చివరికి రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర అడిగి తెచ్చాను. మనవరాలు దాన్ని వైరుతో కంప్యూటరుకు కలిపి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులోకి ఎక్కించింది. 2000 నుంచీ ఉన్నదట, ఉచితం. తెర మీద అమ్మ గొంతు నీలిరంగు గొంగళిపురుగులా పాకుతూ కనిపించింది.

ముందు రొద తీసింది. పాట లేనిచోట ఉత్త హోరును కాస్త దానికి వినిపించి, "ఇదే రొద" అని చెబితే, మిగతా అంతటా అలాంటిది ఏరేస్తుంది. బాగుంది. కాని ఆ ధాటిలో చరణాల మధ్య నాన్నగారి దగ్గు కూడా తుడిచేసింది పిల్ల. అది మళ్ళీ పెట్టించాను.

తరువాత శ్రుతి సరిచేస్తానంది. ఈ విద్యకు ఆద్యుడు ఆండీ హిల్డెబ్రాండ్ అనే అమెరికా ఆయన. భూమిలో చమురు ఎక్కడుందో శబ్దతరంగాలతో కనిపెట్టే పనిలో ఉండేవాడు. ఆ లెక్కల అనుభవంతోనే 1997లో గొంతు సరిచేసే ఆటో ట్యూన్ తయారుచేశాడు. అమ్మకు తంబూరా లేదు, హార్మోనియం లేదు. ఆవిడ శ్రుతి అయిదుకూ అయిదున్నరకూ మధ్య ఎక్కడో ఉంది. యంత్రం దాన్ని లాగి అయిదున్నరలో కూర్చోబెట్టింది. వణుకులన్నీ చదును చేసింది. విన్నాను. ఎక్కడా వంక లేదు.

కాకినాడలో అన్నయ్యకు ఫోను చేసి అదే వినిపించాను. ఆయనకు ఎనభై ఏళ్ళు. అంతా విని, "బాగుందిరా. ఎవరావిడ, రేడియో ఆర్టిస్టా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. సరిచేయని దాన్ని పెట్టమన్నాను. రెండో మాట దాటకముందే అవతల నుంచి అన్నయ్య గొంతు కలిసింది. ఇద్దరూ కలిసి మూడు చరణాలు పాడారు. మూడో చరణం సగంలో క్యాసెట్టు ఆ పక్క అయిపోయింది. ఇన్నేళ్ళూ పాట అంతవరకే అనుకున్నాం నేనూ చెల్లాయీ. అన్నయ్య ఆగలేదు. ఆ చరణం పూర్తిచేసి, నాలుగోది కూడా పాడాడు. చివర అల్లుడికి చెప్పే మాటలు అందులోనే ఉన్నాయి. మనవరాలు తెలివైనది, ఫోను పక్కన మైకు పెట్టి పట్టేసింది. చెల్లాయి లేచి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు మనవరాలు ఈ పాటను కూడా ఆ 10 కోట్లలో కలుపుతానంటోంది. అందుకో ఫారం ఉంది. గాయని పేరు, రచయిత పేరు, విడుదలైన సంవత్సరం రాయాలి. రచయిత ఎవరో మాకెవరికీ తెలియదు, అమ్మ తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదట. గాయని పేరు దగ్గర రేషను కార్డులో ఉన్న పేరు రాయాలా, ఊళ్ళో అందరూ పిలిచిన పేరు రాయాలా అని మా ఆవిడకూ నాకూ వాదం నడుస్తోంది. "అసలు పెట్టనే వద్దు, దానికీ ఎవడో మార్కులు వేస్తాడు" అని చెల్లాయి. పెడితే మటుకు దగ్గుతో సహా పెట్టాలని నేను.

ఫారం ఇంకా పూర్తి కాలేదు. రెండో చరణంలో ఒక మాట చెల్లాయికి "పుట్టిల్లు" అని వినిపిస్తోంది, నాకు "మెట్టిల్లు" అని. యాభైసార్లు విన్నాం, తేలలేదు. దసరాకు అన్నయ్య వస్తానన్నాడు, ఆయన్నే అడగాలి.