దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో అడుగుదాం



ఒక్కసారి ఫోన్ తీసి బస్తర్‌లోని జగదల్‌పూర్ నుంచి కోరాపుట్ జిల్లా జయపురానికి విమాన దూరం ఎంతో చూడండి. గాల్లో గీత గీస్తే 60 కిలోమీటర్లు కూడా లేదు. గంటకు 300 కి.మీ. వేగంతో పోయే చిన్న విమానానికి 12 నిమిషాల పని. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ గీత మీద ఎగిరే విమానమే లేదు. మనం కొట్‌పాడ్, బొరిగుమ్మ మీదుగా సుమారు 80 కి.మీ. రోడ్డు పట్టుకొని పోవాల్సిందే.

రెండు విమానాశ్రయాలూ ఆదివాసీ నేల మీదే ఉన్నాయి. జగదల్‌పూర్ నుంచి 2020 సెప్టెంబర్‌లో రాయ్‌పూర్‌కు, హైదరాబాద్‌కు విమానం మొదలైంది. జయపురం నుంచి 2022 అక్టోబర్‌లో భువనేశ్వర్‌కు 9 సీట్ల విమానం మొదలైంది. రెండూ రాజధానుల వైపే చూశాయి. పక్కపక్కన ఉన్న మన ఊళ్లను కలపాలని ఎవరికీ తోచలేదు. ఇది కొత్తేమీ కాదు. 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా బైలాడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిందే. ఆ రైల్లో మనమూ ఎక్కుతున్నాం, మంచిదే. కానీ గీత గీసింది ఖనిజం కోసం.

అంటే విమానం వద్దంటున్నానా? కాదు. పరీక్షకు పోయే పిల్లకు, పెద్దాసుపత్రికి పోయే రోగికి అది అక్కరకొస్తే సంతోషమే. ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది కూడా సామాన్యుడి పేరు చెప్పే. మరి జరిగిందేంటి? 2023లో కాగ్ నివేదిక చెప్పింది: కేటాయించిన 774 మార్గాల్లో మొదలైనవి 371. మూడేళ్ల రాయితీ కాలం పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా నడిచినవి 54 మాత్రమే. రాయితీ ఆగితే విమానం ఆగుతుంది. రన్‌వే కింద పోయిన భూమి మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు ఇంకో లెక్క వేయండి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ మీది గూడెం నుంచి గర్భిణిని డోలీలో కిందికి మోసుకొస్తారు. మ్యాప్‌లో ఆ దూరం నాలుగైదు కిలోమీటర్లే కనిపిస్తుంది. వానాకాలంలో, వాగు పొంగిన రోజున అదే దూరం సగం పూట. 12 నిమిషాల లెక్క కట్టే కంప్యూటర్‌కు ఈ సగం పూట కనిపించదు. కనిపించని దానికి బడ్జెట్ రాదు.

అందుకే ఆ లెక్క మనమే రాయాలి. మీ గూడెం నుంచి అంబులెన్స్ ఆగే చోటికి ఎంతసేపు పడుతుంది? అక్కడి నుంచి పీహెచ్‌సీకి, రక్తం దొరికే ఆసుపత్రికి ఎంతసేపు? ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి, రెండు లెక్కలూ నోటుపుస్తకంలో రాయండి. మోసినవాళ్లను అడగండి, వాళ్లకు ప్రతి మలుపూ తెలుసు. ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. రేపు మన దగ్గరికి రన్‌వే కోసం ఎవరైనా వస్తే మాట్లాడదాం. కానీ ముందు మన కాగితం చదివి రమ్మందాం.

జోహార్.