ముందు వరస కుర్చీలు

క్రితం డిసెంబరులో మా తెలుగు సంఘం క్రిస్మస్ కూడికలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. తరువాత వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆ సంఘానికి నేను చేసిన సేవ ఏమిటయ్యా అంటే, హాలు అద్దెకు ఒక చెక్కు వ్రాయడం. అదైనా ఆదాయపు పన్నులో తగ్గింపు వచ్చే చెక్కే.

అదే సమయంలో వెనుక వంటగదిలో ఒక నర్సమ్మ బిర్యానీ గిన్నెలు తోముతూ ఉంది. ఈ ఊళ్ళో తెలుగు ఆరాధన మొదలైంది ఆమె రెండు గదుల అపార్ట్‌మెంటులో. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, నిద్ర మాని, పదిమందికి వండిపెట్టి ప్రార్థన నడిపేది. నేను రెసిడెన్సీలో చేరిన కొత్తలో, కారు లేని రోజుల్లో, మంచులో వచ్చి నన్ను తీసుకుపోయేది. ఆ రోజు ఆమె పేరు ఎవరూ తలచలేదు. మైకు నా చేతిలో ఉండగా నేనూ తలచలేదు. ఇంటికి వచ్చి శాలువా అలమరలో పెట్టబోతే అక్కడ అప్పటికే నాలుగున్నాయి.

పెద్దలను గౌరవించడం మన మర్యాద గదా అంటారు. పెద్ద ఎవరు? నాకు ముప్ఫయ్యారేళ్ళు, ఆమెకు అరవై దాటాయి. వయసుకైతే శాలువా ఆమెకు పోవాలి, సేవకైనా ఆమెకే పోవాలి. మనం గౌరవించింది నా పేరుకు ముందున్న ‘డాక్టర్’ అన్న మాటను. దానికి ఎంత గిరాకీ ఉందంటే, ఏ విశ్వవిద్యాలయం ఇచ్చిందో అడిగితే నీళ్ళు నమిలే బిరుదులను పేరుకు తగిలించుకున్న బోధకులు మనలో తయారయ్యారు. శవాల మధ్య కూర్చుని ఎనాటమీ చదివిన నాకు ఇది కొంత అసూయే అనుకోండి.

మన సంఘాలు పుట్టింది ఇలా కాదు. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరిన తొలిరోజుల్లో ఊళ్ళోని అగ్రవర్ణాలవారు ఆయన బడికి పిల్లలను పంపారు. అంతలో పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేము రామన్నారు పెద్దలు. ఏం చేయాలో తోచక దొర ఒక గదిలో, దొరసాని మరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం తగిలిందని ఆయనే చెప్పుకున్నాడు. పిలుపు అందుకున్నవారిలో జ్ఞానులూ, ఘనులూ, గొప్ప వంశాలవారూ ఎక్కువమంది లేరన్న భాగం అది. పెద్దలు తప్పుకున్నారు. తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య వంటివారు ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కూలి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మా వంశం ఆ ఏటిలో మునిగి లేచిందే. ఈ మాట ఇక్కడ పైకి అనేవారు తక్కువ. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి కులం రాబట్టే ప్రశ్నకు ‘మేము క్రిస్టియన్స్ అండీ’ అని తప్పించుకుంటాము. తీరా పిల్ల సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న మనమే వేస్తాము. నేనూ చాలాకాలం తప్పించుకున్నవాణ్ణే. ముందు వరస కుర్చీ మీద నాకున్న మోజుకు మూలం అక్కడే ఉందని ఇప్పుడు తెలుస్తోంది. ఏ గడపలో మనల్ని నిలబడనివ్వలేదో ఆ గడప లాంటిదే ఇంకొకటి మనమే కట్టుకుని, లోపల కూర్చుని మురిసిపోతున్నాము.

డాక్టర్లను ముందు కూర్చోబెట్టకపోతే విరాళాలు రావని మా కోశాధికారిగారు అన్నారు. రాకపోతే హాలు ఉండదు. మళ్ళీ అపార్ట్‌మెంటులో చాపలు పరుచుకుని గుండ్రంగా కూర్చుంటాము. ఆ రోజుల్లో పాటలు కూడా బాగా పాడేవాళ్ళం.

ఈ పత్రిక పాఠకుల్లో క్రైస్తవులు కొద్దిమందే. ఇది మీ ఇంటి గొడవ అనుకునే మిత్రులకు ఒక మాట. మన ఉగాది సభలోనూ అవే కుర్చీలు, అవే శాలువాలు. కొనే దుకాణం కూడా ఒక్కటేనని విన్నాను.

మొన్న ఆమె ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. “ఆ శాలువాలు ఈ చలికి ఆగవు తమ్ముడూ, వచ్చే ఏడాది గిన్నెలు తుడవడానికి రా” అని నవ్వింది.

వెళతాను. కమిటీవారు ఆహ్వాన పత్రంలో నా పేరు వేయవద్దని మనవి.