విద్యాపీఠముల సంత

పొరుగూరి జట్టుతో ఆడుట ఆట. పొరుగెవరో టెలివిజన్ వ్యాపారులు నిర్ణయింపగా వేల మైళ్లు పోయి ఆడుట బేరము. ఈ రెంటికిని గల భేదమును అమెరికా సంయుక్తరాష్ట్రములలోని గొప్ప విద్యాపీఠములు మన కన్నులయెదుటనే మరచినవి. పరదేశమువారి తప్పు లెన్నుట మాకు వేడుక కాదు. తెలుగువారి యిండ్లనుండి ఏటేట వేలకొలది బిడ్డలు ఆ విద్యాపీఠములకే పోవుచున్నారు. వారి జీతములకై తలిదండ్రులు పొలములు తాకట్టుపెట్టి అప్పులు చేయుచున్నారు. కావున ఆ గుమ్మములలోపల జరుగు వ్యవహారమును మనము తెలిసికొనుట అనవసర ప్రసంగము కాజాలదు.

ఆ దేశమున కళాశాలల ఆటలకు కాన్ఫరెన్సులను కూటములు గలవు. దగ్గర దగ్గర నున్న విద్యాపీఠములు కొన్ని చేరి, ఏటేట తమలో తామాడుకొని గెలుపోటములు తేల్చుకొనుటకు చేసికొన్న కట్టుబాటది. 1896లో పుట్టిన బిగ్ టెన్ అట్టి కూటమి. పేరు పదింటిది, 2024 నుండి సభ్యులు పదునెనిమిది. లెక్కలు నేర్పవలసిన విద్యాపీఠములకు తమ పేరులోని లెక్కయే తప్పినది. భూగోళము సంగతి యింకను వింత. శాంతసముద్రపు టొడ్డుననున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విద్యాపీఠములు నేడు అట్లాంటిక్ తీరపు కూటమిలో సభ్యులు!

ఈ వింత యెట్లు పుట్టెను? పడమటి తీరమున పాక్-12 అను కూటమి యుండెను. 1915లో ఏర్పడిన పసిఫిక్ తీరపు కూటమి తన మూలమని అది చెప్పుకొనెడిది. 2022 జూన్ చివరను లాస్ ఏంజలీసులోని రెండు పెద్ద విద్యాపీఠములు దానిని విడిచి బిగ్ టెన్‌లో చేరుదుమని ప్రకటించినవి. అదే వేసవిని బిగ్ టెన్‌వారు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ సంస్థలతో ఏడేండ్ల ఒప్పందము కుదుర్చుకొనిరి; దాని విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటయని పత్రికలు వ్రాసెను. పడమటివారికి మిగిలినది చందాదారుల సంఖ్యపై ఆధారపడిన ఆపిల్ సంస్థవారి బేరము. అది నిలుకడ లేనిదని తోచినంతనే పంక్తి చెదరెను. 2023 జులైలో కొలరాడో లేచిపోయెను. ఆగస్టు 4వ తేదీన, ఒక్క దినముననే, ఆరెగన్, వాషింగ్టన్ ఒకవైపును, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా మరియొకవైపును వెడలిపోయినవి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలు తూర్పునకు దారితీసినవి. పండ్రెండింటిలో రెండు మాత్రము ఖాళీయింటిలో దీపము పెట్టుకొని నిలిచినవి. తరువాత వారు క్రొత్తవారిని పిలుచుకొని కూటమిని మరల కట్టుకొన బూనిన మాట నిజమే. కాని చెదరినదేదో చెదరినది.

బర్క్‌లీ, లాస్ ఏంజలీస్ విద్యాలయములు రెండును కాలిఫోర్నియా ప్రజలవే. రెంటికిని ఒక్కటే పాలకమండలి. ఒక బిడ్డ లాభము చూచుకొని వేరుపడగా రెండవ బిడ్డకు నష్టము వచ్చెను. 2024లో పాలకమండలివారు, వెడలిపోయినది రెండవదానికి ఏటికొక కోటి డాలర్లు చెల్లించవలెనని తీర్మానించిరి. అన్నదమ్ముల పంపకములలో తల్లి మనోవర్తి లెక్క తేల్చినట్లుండలేదా?

ఈ రోగము నిన్నటిది కాదు. 1905లో ఫుట్‌బాల్ ఆటలో విద్యార్థులు ప్రాణములు పోగొట్టుకొనుచుండగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ విద్యాపీఠముల పెద్దలను పిలిచి మందలించెను. ఆ కలవరము నుండియే 1906లో ఎన్‌సీఏఏ యను జాతీయసంఘము పుట్టెను. అది 1950 తరువాత ముప్పదియేండ్లకు పైగా, టెలివిజన్‌లో ఎవరి ఆట ఎన్నిమారులు చూపవలెనో తానే నిర్ణయించెడిది. ఓక్లహామా, జార్జియా విద్యాపీఠములు వ్యాజ్యెము తెచ్చినవి. 1984లో సుప్రీంకోర్టువారు ఏడుగురు ఒకవైపు, ఇద్దరొకవైపుగా, ఆ యేకస్వామ్యము చెల్లదని తీర్పు చెప్పిరి. భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్ తానే యొకప్పుడు కొలరాడో కళాశాలలో పేరుపొందిన ఆటగాడు. ఆటను సరకుగా మాత్రమే చూచిన, దానిని విద్యలో భాగముగా నిలుపు ప్రయత్నము దెబ్బతినునని ఆయన భయము. నాడు కట్ట తెగినది. ధనప్రవాహము తనకు పల్లమైనవైపు పారినది.

ఈ ధనమునకై కష్టపడువారెవరు? జనులు టెలివిజన్ ముందు కూర్చుండునది ముఖ్యముగా ఫుట్‌బాల్ కొరకు. దాని జట్టు ఋతువునకు పండ్రెండు ఆటలాడును. కాని కూటమి మారినపుడు తక్కిన ఆటలును వెంట మారవలసివచ్చినవి. వాలీబాల్ ఆడు బాలిక, సాఫ్ట్‌బాల్ ఆడు బాలిక, వారమధ్యమునను ప్రయాణము చేయవలసినదే. లాస్ ఏంజలీస్‌నుండి న్యూజెర్సీలోని రట్గర్స్‌నకు రమారమి 2,400 మైళ్లు. మూడు గంటల కాలభేదము. అర్ధరాత్రి విమానము దిగి, ఉదయము రసాయనశాస్త్రపు తరగతికి పోవలసిన పిల్లయొక్క ఆటను ఎంతమంది కొందురు? దానివలన వచ్చు కాసులెన్ని? అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఆమె నిద్రను, ఆమె చదువును పెద్దలు దానము చేసిరి.

ప్రతిపక్షుల వాదమును మేము విననివారము కాము. "ఫుట్‌బాల్ ధనమే తక్కిన ఆటలను పోషించుచున్నది, 1972 నాటి తొమ్మిదవ శీర్షిక శాసనము ననుసరించి స్త్రీలకు కల్పింపవలసిన అవకాశములకు సొమ్మెక్కడిది?" అని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని పోషణకై వచ్చిన సొమ్మంతయు పోషణకే పోవుచున్నదా? 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం విద్యాపీఠమువారు తమ ఫుట్‌బాల్ శిక్షకుని తొలగించుటకు ఒప్పుకొన్న పరిహారము 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైమాట. పని చేసినందులకు కాదు, పని మానుమన్నందులకు! ఇట్టి కోశమునుండి ఈతగాండ్రకు, పరుగుపందెములవారికి మిగులు మెతుకులను చూపి దానధర్మమనుట మాకు రుచింపదు.

ఆటగాండ్రకు సొమ్ము ముట్టుట తప్పని మేమనము. వారి చెమటతో ఇతరులు కోటీశ్వరులగుచుండగా, నిష్కామకర్మ పాఠము వారికి మాత్రమే చెప్పుట అన్యాయముగానే యుండెను. 2025 జూన్‌లో న్యాయస్థానమామోదించిన రాజీ వలన విద్యాపీఠము ఆటగాండ్రకు మొదటి యేట 2 కోట్ల డాలర్లకు పైగా నేరుగా పంచవచ్చును. ఇది న్యాయమే. అయితే ఒక సంగతి మాత్రము తేటపడినది: కూలి యిచ్చుచోట పని యున్నది, పని యున్నచోట వ్యాపారమున్నది. వ్యాపారమును వ్యాపారమని పిలువుడు. దానికి సరస్వతి పేరు పెట్టకుడు.

"అన్నియు పరుగెత్తుచుండగా ఒక్కరెట్లు నిలుతురు?" అందురు. నిలిచినవారున్నారు. షికాగో విద్యాపీఠము బిగ్ టెన్ స్థాపకులలో ఒకటి. 1935లో దేశపు ఉత్తమ ఆటగానికి మొదటిసారి యిచ్చిన బహుమానము దాని విద్యార్థికే దక్కెను. అట్టి విద్యాపీఠము 1939లో, అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ నాయకత్వమున, ఫుట్‌బాల్ జట్టునే మానుకొనెను. 1946లో కూటమిని విడిచెను. కళాశాల ఫుట్‌బాల్ మొదటిసారి టెలివిజన్‌లో కనబడినదియు ఆ 1939లోనే యగుట గమనింపదగినది. ఆ పాడుపడిన క్రీడాంగణపు మెట్లక్రిందనే 1942 డిసెంబరు 2న ఫెర్మీ ప్రభృతులు మొదటి పరమాణు శృంఖలచర్యను నడపిరి. ఆ శక్తి యెందులకు వినియోగమయ్యెనన్నది వేరొక దుఃఖకథ. ఆట మానినందున విద్యాపీఠము మునిగిపోలేదని మాత్రమే మేమనుట. కొన్ని దశాబ్దముల తరువాత వారు ఫుట్‌బాల్‌ను మరల తెచ్చుకొనిరి. అయితే విద్యార్థుల వినోదముగా, మితమైన స్థాయిలోనే.

కావున మా కోరికలు మూడు. ఒకటి: టెలివిజన్ కోరునది ఫుట్‌బాల్‌నే గనుక, దాని కూటమి దానికి వేరుగా నుండనిచ్చి, తక్కిన ఆటలను పొరుగువారి మధ్యకు తిరిగి పంపవలెను. రెండు: ఆచార్యులును విద్యార్థులును బహిరంగముగా చర్చింపనిదే ఏ విద్యాపీఠమును కూటమి మారరాదు, శతాబ్దపు స్నేహము కొలదిమంది అధికారుల టెలిఫోన్ సంభాషణలలో తీరిపోరాదు. మూడు: ప్రభుత్వ విద్యాపీఠములు అనేకము ప్రతి విద్యార్థినుండియు క్రీడల పేర రుసుము గ్రహించుచున్నవి. అదెంతయో బిల్లులో వేరుగా చూపవలెను. దూరదేశమునుండి అప్పుతో వచ్చి, ప్రయోగశాల దాటి యెరుగని బిడ్డవద్ద వసూలు చేయరాదు.

చదువరులైన తలిదండ్రులకు మా మనవి యొక్కటి. బిడ్డ చేరబోవు విద్యాపీఠపు చిత్రపటములో లక్షమంది పట్టు క్రీడాంగణము కనబడిన మురిసిపోకుడు. గ్రంథాలయమెన్ని గంటలు తెరచియుండునో, గురువు లెందరో, రుసుములో ఏ కాసు ఎక్కడికి పోవునో అడుగుడు. చదువు కొనువారు ప్రశ్నించుట మానిననాడే చదువమ్మువారు సంత తెరచుట. ఆ మాట సముద్రమున కావలియొడ్డున ఎంత నిజమో, రాంకుల ప్రకటనలతో గోడలు నిండిన మన పట్టణములలోను అంతే నిజము.