పక్కన నడిచేవారు

పిల్లలూ! గుర్రం అనగానే మీకేం గుర్తుకొస్తుంది? రాజులు, యుద్ధాలు, పెళ్ళి ఊరేగింపులో పూలదండలు వేసుకుని నడిచే గుర్రం, మీ తాతగారు చెప్పే జట్కాబండి కబుర్లు. అవునా? నడవలేని పిల్లలకు నడక రుచి చూపించే గుర్రం గురించి మీలో చాలామంది విని ఉండరు. పోయిన వేసవి సెలవుల దాకా నేనూ వినలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్న నాకు అలాంటి గుర్రం ఒకటి పాఠం చెప్పింది. అది మీకూ పనికివస్తుందని నా నమ్మకం.

ముందు ఒక నిజమైన కథ వినండి. డెన్మార్క్ దేశంలో లిస్ హార్టెల్ అనే యువతి ఉండేది. గుర్రపుస్వారీలో దిట్ట. 1944లో ఇరవైమూడేళ్ళ వయసులో, కడుపుతో ఉండగా ఆమెకు పోలియో సోకింది. ప్రాణం దక్కింది, పండంటి పాప పుట్టింది. కానీ మోకాళ్ళ కింది కండరాలు మళ్ళీ పనిచేయలేదు. అయినా ఆమె స్వారీ మానలేదు. ఒకరు ఎక్కిస్తే ఎక్కేది, ఒకరు దించితే దిగేది. జీను మీద కూర్చున్నాక మాత్రం గుర్రం ఆమె మాటే వినేది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ‘డ్రెస్సాజ్’ పోటీ జరిగింది. గుర్రాన్ని లయ తప్పకుండా కదం తొక్కించే పోటీ అది. అందులో స్త్రీలకు ప్రవేశం దొరికిందే ఆ ఏడు. హార్టెల్ మగవాళ్ళతో తలపడి రజత పతకం గెలుచుకుంది. 1956లో మళ్ళీ రజతమే! 1969లో బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ వైకల్యం ఉన్నవారికి స్వారీ నేర్పే పనికి జాతీయ సంఘాలు ఏర్పడ్డాయి. 1996 నుంచి పారాలింపిక్స్‌లోనూ ఈ పోటీ ఉంది.

ఇక నా సంగతి. మా అమ్మాయి అమెరికాలో, డల్లాస్ నగరానికి దగ్గర్లో ఉంటుంది. సెలవుల్లో చూడడానికి వెళ్ళాను. ప్రతి శనివారం పొద్దున్నే పాత బూట్లు వేసుకుని ఎక్కడికో బయలుదేరేది. “నువ్వూ రా నాన్నా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?” అంది. ఊరి చివర ఒక గుర్రపుశాల, దాని పక్కన ఇసుక పరిచిన పెద్ద ఆవరణ. అక్కడికి ప్రత్యేక అవసరాలున్న పిల్లలు స్వారీకి వస్తారు. పని చేసేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే.

ఒక పిల్లవాడు గుర్రం ఎక్కితే ఎంతమంది కావాలో తెలుసా? పాఠం చెప్పే శిక్షకురాలు కాక, గుర్రం పగ్గం పట్టుకుని నడిపించేవారు ఒకరు, అటొకరు ఇటొకరు పక్కన నడిచేవారు ఇద్దరు. నాకిచ్చింది పక్కన నడిచే పని. ‘ఇంతేనా!’ అనుకున్నాను. దానికీ ముందు శిక్షణ ఉంటుందన్నారు. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ దాదాపు అంతా చూడగలదు. సరిగ్గా తోక వెనక ఉన్నది మాత్రం దానికి కనబడదు. అందుకని వెనకనుంచి వెళ్ళకూడదు, పలకరిస్తూ మూపు దగ్గరికి రావాలి. చెవులు వెనక్కి అణిచిందంటే చిరాకుపడుతోందని అర్థం. ఇలాంటివన్నీ నేర్పి, ఆ తర్వాతే గుర్రం పక్కన నిలబెట్టారు.

ఇంతకూ గుర్రం మీద కూర్చుంటే ఒరిగేదేమిటి? ఒక చిన్న ప్రయోగం చేయండి. రెండు చేతులూ నడుం కింది ఎముకల మీద ఆనించి పది అడుగులు మెల్లగా నడవండి. ఆ ఎముకలు కాస్త పైకీ కిందికీ, కాస్త పక్కలకూ కదులుతాయి. కాస్త ముందుకు తిరిగి వెనక్కి వస్తాయి. నడిచే గుర్రం వీపు కూడా తనమీద కూర్చున్నవారి నడుమును ఇంచుమించు ఇలాగే కదిలిస్తుంది, నిమిషానికి సుమారు వంద అడుగుల చొప్పున! ప్రతి అడుగుకూ కూర్చున్నవారి గరిమనాభి కొద్దిగా జరుగుతుంది. పడిపోకుండా ఉండాలంటే పొట్ట, వీపు, మెడ కండరాలు క్షణక్షణం సర్దుకోవాలి. కాళ్ళతో నడవలేని పిల్లవాడి శరీరం కూడా నడకలోని ఆ ఊపును అనుభవిస్తుందన్నమాట. పైగా గుర్రం ఒంటి వేడి సుమారు 38 డిగ్రీల సెల్సియస్, మనకన్నా ఒక డిగ్రీ ఎక్కువ. ఆ వెచ్చదనం బిగుసుకున్న కాళ్ళకు హాయిగా ఉంటుంది.

ఇది వినడానికి బాగానే ఉంది. మరి రుజువేమిటి? సైన్సు చదివేవాళ్ళు ఈ ప్రశ్న అడిగి తీరాలి. 2003లో ప్రచురించిన ఒక పరిశోధన చూడండి. మస్తిష్క పక్షవాతంలో మెదడుకు చిన్నతనంలోనే తగిలిన దెబ్బవల్ల కండరాలు అదుపు తప్పుతాయి. అది ఉన్న పదిహేనుమంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టును ఎనిమిది నిమిషాలు నడిచే గుర్రం మీద, ఇంకో జట్టును అంతే సేపు కదలని పీపా మీద కూర్చోబెట్టారు. పీపా ఎందుకు? కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోవడం వల్ల వచ్చిన మేలేదో, గుర్రం నడక వల్ల వచ్చిన మేలేదో విడదీయడానికి! వీపుకు, కాళ్ళకు రెండు పక్కలా ఉన్న కండరాలు ఎంత సమంగా పనిచేస్తున్నాయో పరికరంతో కొలిస్తే, గుర్రం ఎక్కిన జట్టులోనే మెరుగు కనబడింది. 2015లో మరో పరిశోధన వచ్చింది. ఆటిజం ఉన్న 127 మంది పిల్లలతో పది వారాలు చేశారు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు తగ్గింది, మాటలు పెరిగాయి.

అయితే పదిహేనుమంది అంటే చిన్న లెక్కే. ఎనిమిది నిమిషాల మెరుగు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆ ప్రయోగం చెప్పదు. ఆటిజం పిల్లల్లోనూ కొలిచిన అంశాలన్నీ మెరుగుపడలేదు. స్వారీ వల్ల మస్తిష్క పక్షవాతం నయం కాదు, ఆటిజం పోదు. వైద్యుల సలహాతో చేసే మిగతా వ్యాయామాలకు ఇది ఒక తోడు మాత్రమే. ఎవరైనా మహిమ అంటే నమ్మకండి. అలాగని కొట్టిపారేయనూ వద్దు.

ఇప్పుడు నాకు తగిలిన పాఠం చెబుతాను. నేను పక్కన నడిచిన బాబుకు తొమ్మిదేళ్ళు. మస్తిష్క పక్షవాతం. మాట చాలా కష్టం మీద వస్తుంది. అక్కడొక నియమం ఉంది: స్వారీ చేసేవారే గుర్రానికి ఆజ్ఞ ఇవ్వాలి. “వాక్ ఆన్” అని బాబు అనాలి. అనేదాకా పగ్గం పట్టుకున్నవారు అడుగు వేయరు. మొదటి రోజు బాబు పెదవులు కదిపాడు, మాట రాలేదు. ఐదు క్షణాలు, పది క్షణాలు. నాలో మాస్టారు ఊరుకోలేకపోయాడు. ఆ మాట నేనే అందించబోయాను. శిక్షకురాలు నావైపు చూసి, పెదవి మీద వేలు పెట్టుకుంది. ఆగాను. అర నిమిషం పైగా గడిచింది. అప్పుడు “వా... కాన్” అన్నాడు బాబు. అంత పెద్ద గుర్రం, కనీసం నాలుగు వందల కిలోలు ఉంటుంది, ఆ మాటకు కదిలింది! ఆ పిల్లవాడి ముఖం మీరు చూసి ఉండాల్సింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ళ క్రితం ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదివిన ఒక అబ్బాయి గుర్తుకొచ్చాడు. అతనికి చేతులు వణికేవి. ప్రయోగాల గంటలో “నువ్వు కూర్చో నాన్నా, గాజు పగిలితే చెయ్యి తెగుతుంది” అనేవాణ్ణి. అతని వంతు ప్రయోగం నేనే చేసి చూపేవాణ్ణి. రికార్డుకు మార్కులు మాత్రం నిండుగా వేసేవాణ్ణి. దయగా ఉన్నాననుకున్నాను. పదో తరగతి అయిపోయి టీసీ తీసుకోవడానికి వచ్చినప్పుడు అతనన్న మాట ఇది: “మార్కులన్నీ ఇచ్చారు సార్. పరీక్షనాళిక మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు.” ఆ రోజు నవ్వేసి పంపించాను. డల్లాస్‌లో అర నిమిషం నోరు మూసుకున్నాక గానీ ఆ మాట బరువు నాకు తెలియలేదు.

పక్కన నడిచేవారు చేసే పనేమిటో ఇప్పుడు చెప్పనివ్వండి. అవసరమైతే ముంజేతిని పిల్లవాడి తొడ మీద ఆనించి, వేళ్ళతో జీను అంచు పట్టుకోవాలి. కానీ పిల్లవాణ్ణి లాగి పట్టుకోకూడదు. మనమే నిటారుగా నిలబెడితే అతని కండరాలకు పనేముంది? ఒరిగినప్పుడు తానే సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. నిజంగా పడబోతే మాత్రం రెప్పపాటులో ఆదుకోవాలి. గంట నడిస్తే నా చెయ్యి లాగేసింది. ఎత్తి పట్టుకోవడం కన్నా, పట్టుకోకుండా సిద్ధంగా ఉండడమే కష్టం. నా అభిప్రాయంలో సాయమంటే ఇదే. మనం ‘జాలి’ అని పిలుచుకునేది చాలాసార్లు ఎదుటివాడి పని లాక్కోవడమే.

“మన ఊళ్ళో అలాంటి గుర్రాలెక్కడివి మాస్టారూ?” అంటారు మీరు. మంచి ప్రశ్నే. ముందుగా ఒక హెచ్చరిక. ఇది చదివి ఏ తమ్ముణ్ణీ చెల్లినీ పెళ్ళిగుర్రం మీద ఎక్కించకండి. ఈ పనికి నెమ్మదైన, శిక్షణ పొందిన గుర్రం కావాలి. తలకు హెల్మెట్ కావాలి, చదువుకున్న శిక్షకులు కావాలి, వైద్యుని అనుమతి కావాలి. ఉదాహరణకు డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వారికి స్వారీ ప్రమాదం.

గుర్రం లేకపోయినా పక్కన నడవడం మనచేతిలో పనే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2 కోట్ల 68 లక్షలమందికి ఏదో ఒక వైకల్యం ఉంది. వాళ్ళలో ఒకరు మీ బడిలో ఉండవచ్చు, మీ వీధిలో ఉండవచ్చు. 2016 నాటి చట్టం వాళ్ళకు మనతోపాటు చదివే హక్కు ఇచ్చింది. ఆ హక్కు తరగతి గదిలోకి రావాలంటే పక్క బెంచీలో ఉన్న మీరు కావాలి.

ఏం చేయాలంటారా? మొదట అడగండి: “సాయం కావాలా? ఎలా చేయమంటావు?” వద్దంటే ఊరుకోండి. మాట తడబడితే మీరు పూర్తిచేయకండి, ఆగండి. ఆటలో ‘లెక్కలోకి రాని’ ఆటగాణ్ణి చేయకండి, అతనూ ఆడేలా నియమం మార్చండి. పడబోతే మాత్రం పట్టుకోండి.

ఈ ఏడు మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ఆమె వేళ్ళకు పట్టు తక్కువ. జూన్‌లో బడి తెరవగానే గాజుకు బదులు ప్లాస్టిక్ పరీక్షనాళికలు, వెడల్పాటి చెక్క స్టాండు తెప్పించాను. మొన్న లిట్మస్ ప్రయోగం రోజు నిమ్మరసం పోయడానికి ఆమెకు నాలుగు నిమిషాలు పట్టింది. కొంత బల్లమీద ఒలికింది. నా చెయ్యి స్టాండు పక్కనే ఉంది గానీ దాన్ని తాకలేదు. తరగతంతా ఊపిరి బిగబట్టి చూసింది. నీలి కాగితం ఎర్రబడగానే “ఆమ్లం, సార్!” అని ఆమే చెప్పింది.