మా మాట: మెదడు పరీక్షకు ఇంటి భాష

హోసూరు నుండి బెంగుళూరుకు పోయే రోడ్డుమీదనే నిమ్హాన్స్ వున్నది. 1954లో అఖిల భారత మానసికారోగ్య సంస్థగా మొదలయి, 1974లో మైసూరు ప్రభుత్వ మానసిక వైద్యశాలతో కలిసి నేటి రూపము దాల్చిన సంస్థ యిది. మూర్ఛ, పక్షవాతము, మతిమరుపు వంటి బాధలకు కృష్ణగిరి జిల్లా మనవారు తలచే పేర్లలో అదొకటి. అక్కడ మెదడును పరీక్షించే పద్ధతికీ, మన యిండ్లలోని మాటకూ గల సంబంధాన్ని ఈ నెల పాఠకులకు మనవి చేయదలచాము.

హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడిగారు, తోటి పరిశోధకులతో కలిసి, డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే భాష తెలిసినవారికన్న, రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యముగా పొడచూపినది. బడి ముఖము చూడనివారిలోనూ ఈ తేడా కనిపించినది. కనుక దీనికి చదువే కారణమనడానికి వీలులేదు. సువర్ణగారు తరువాత నిమ్హాన్స్‌కు ఆచార్యులుగా వచ్చారు.

భాష మందు కాదు. రెండు భాషలు వచ్చినవారికి జబ్బే రాదని ఎవరూ అనలేదు. కొన్ని దేశాల పరిశోధనలలో యింత తేడా కనబడనూ లేదు. అయినా ఇంట తెలుగు, కచేరీలో తమిళము, సంతలో కన్నడము మాట్లాడే మనకు ఇది ఆలోచించదగ్గ విషయము. సూళగిరి, బాగలూరు, డెంకణికోట వైపు అవ్వలకు ఇదొక విద్య అని తోచనైనా తోచదు.

ఇప్పుడు వైద్యులకు తోడుగా ఇంజనీర్లు కూడ మెదడు పనిలో దిగినారు. మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తిగారు పార్కిన్సన్ జబ్బులో మెదడు లోపలి భాగాలు ఎట్లు గతి తప్పుతవో కంప్యూటరులో నమూనాలు కట్టి పరిశోధించినారు. తెలుగులో విజ్ఞాన రచనలు చేసినవారు కూడ. కృత్రిమ మేధ అనే పద్ధతి మరొకటి. వేలకొద్దీ స్కానింగు పటాలను, మాటల రికార్డులను కంప్యూటరుకు చూపి, ఏది ఆరోగ్యమో ఏది రోగమో గుర్తుపట్టడము నేర్పుతారు. ఆగి ఆగి మాట్లాడడము, పేర్లు తట్టకపోవడము వంటి గుర్తులనుబట్టి మతిమరుపును ముందే కనిపెట్టాలని పలు దేశాలలో ప్రయత్నము జరుగుతున్నది.

మెచ్చదగిన పనే. కాని చిలుక నేర్పిన పలుకులే పలుకుతుంది. తెలుగు మాటల నడుమ ఒక తమిళ మాట, ఒక కన్నడ మాట దొర్లించే మన అవ్వ మాటతీరును ఎన్నడూ విననట్టి యంత్రము, ఆమె బలాన్నే లోపముగా లెక్క కట్టవచ్చు. మనిషి పరీక్షించినా యింతే. ఒక నిమిషములో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో అడగడము వాడుకలో వున్న పరీక్ష. పుట్టుకతో తెలుగు మాట్లాడేవారిని అదే ప్రశ్న తమిళములోనో, కన్నడములోనో అడిగితే, తరిగేది జ్ఞాపకమా, భాషా?

తెలుగులో పరీక్షించమనడము గొంతెమ్మ కోరిక కాదు. భారత వైద్య పరిశోధనా మండలి పూనికతో తెలుగు, కన్నడము, మలయాళము, హిందీ, బెంగాలీ భాషలలో యిటువంటి పరీక్షలు సిద్ధమయినవి.

కనుక మన కుటుంబాలవారికి మా విన్నపము యిది. పెద్దలను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళినపుడు, వారి ఇంటి భాష ఏది, ఏయే భాషలు వచ్చును, ఎంతవరకు చదివినారు అన్న మూడు సంగతులు వైద్యునికి మొదటనే చెప్పండి. వారిని అడిగిన ప్రశ్నకు మనము జవాబు అందించరాదు. పరిశోధనకై వారి మాటను రికార్డు చేస్తామంటే, దేనికో, ఎక్కడ వుంచుతారో అడిగి తెలుసుకొని, పెద్దలకు సమ్మతమయితే ఒప్పుకొనండి. మన మాట చేరని చోట యంత్రము మన మాట నేర్వదు.

ఇక పిల్లల సంగతి. బడిలో ఏ భాష చదివినా చదవనిండు. ఇంట్లో అవ్వతో, తాతతో మాత్రము తెలుగులో మాట్లాడనిండు. మాట తడబడడము, పేరు మరవడము అందరికన్న ముందు పసిగట్టేది రోజూ వారితో మాట్లాడే మనుమలే.