జంట మందు

గడచిన మాసమున సోదరి యొకరు మాకు జాబు వ్రాయించిరి. వ్రాత ఆమె కుమార్తెది. ఉదయమున లేవగనే ఆమెకు వ్రేళ్లు బిగిసికొని సీసామూత త్రిప్పుటకైనను చేతకాదట. వైద్యుడు సల్ఫసలజీన్ అను బిళ్ల లిచ్చెను. మూడు వారములైనను గుణము లేదు. పైగా మూత్రము నారింజవన్నె నగుచున్నది. మానివేయవచ్చునా యని ప్రశ్న.

ఆమె వ్యాధి రుమటాయిడ్ కీళ్లవాతము. శరీరమును రక్షింపవలసిన శక్తియే దారి తప్పి కీళ్లపై బడుటచే నీ వాపు గలుగును. పురుషులకంటె స్త్రీలలో నిది రెండు మూడు రెట్లధికము. ఆ బిళ్లలను మొదట తలపెట్టినదియు నొక స్త్రీయే.

నానా స్వార్త్స్ స్వీడను దేశపు వైద్యురాలు. 1937లో స్టాక్‌హోమ్ నగరమందలి కరోలిన్‌స్కా వైద్య విద్యాలయమున ఆచార్యపదవి నందెను. ఆ దేశమున ప్రభుత్వ విద్యాలయములలో ఆ పదవి నందిన మొదటి స్త్రీ ఆమెయే. కీళ్లవాతమునకు సూక్ష్మజీవులే మూలమని ఆనాడు పలువురు నమ్ముచుండిరి. ఆమెయు నట్లే తలంచెను. సూక్ష్మజీవులకు సల్ఫా మందు కలదు. వాపునకు, నొప్పికి సాలిసిలికామ్లము కలదు. ఆస్పిరిన్ దాని సంతతిదే. ఈ రెంటిని ఒకే అణువుగా కూర్చిన నెట్లుండును? ఫార్మసియా అను మందుల సంస్థలోని రసాయనజ్ఞులు రెండు నత్రజని పరమాణువులతో ముడివైచి దానిని సిద్ధపఱచిరి. 1942లో ఆమె ఫలితములను ప్రకటించెను.

రెండు పొడులు కలిపి యొక బిళ్లగా నొత్తుట కాదిది. పసుపును సున్నమును కలిసి ఎఱ్ఱనగునట్లు, ముడిపడిన పిమ్మట అది వేఱొక పదార్థము. బట్టల కద్దు రంగులు పెక్కింటిలో నుండునదియు నీ ముడియే. మన సోదరిని భయపెట్టిన నారింజవన్నె దానిదే!

మందులో నెక్కువ భాగము చిన్నప్రేవులు దాటి పెద్దప్రేవులకు చేరును. అచట కాపురముండు సూక్ష్మజీవులు ముడిని త్రెంచును. సూక్ష్మజీవులను చంపుటకై చేసిన మందునకు సూక్ష్మజీవులే సాయపడుట చూడుడు! అందుచే పెద్దప్రేవులు పుండ్లుపడు వ్యాధికిని ఇది ఉపయోగపడెను. 1977లో ఆక్స్‌ఫర్డు వైద్యులు రెండు భాగములను విడివిడిగ వస్తిరూపమున నిచ్చి చూడగా, ప్రేవులకు మేలుచేసినది సాలిసిలిక భాగమే యని తేలెను. సల్ఫా భాగము వాహనము మాత్రమే. పెక్కు బాధలకు మూలమును అదియే. అంతట సల్ఫాను తొలగించి, రెండువైపుల సాలిసిలిక భాగమునే ముడివైచి ఒల్సలజీన్ అను మందు చేసిరి. కీళ్ల విషయమున మాత్రము లెక్క తలక్రిందు: అచట పనిచేయునది సల్ఫా భాగమే యని పలువురి యభిప్రాయము. స్వార్త్స్ ఊహించిన కారణము నిలువలేదు, మందు నిలిచినది.

ఇట్టి కూర్పు లన్నియు ఫలింపవు. నాప్రాక్సెన్ కడుపును బాధింపకుండుటకై దానికి నైట్రిక్ ఆక్సైడు నిచ్చు భాగమును జతచేసిరి. ఆ మందును 2010లో అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ అంగీకరింపలేదు.

ఇక సోదరి ప్రశ్న. అమ్మా, రంగు చూచి మానకుడు. గుణము కనబడుటకు ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. మీకు సల్ఫా మందులు పడవేని ఆ సంగతి వైద్యునకు నేడే చెప్పుడు. ఆయన చెప్పిన రక్తపరీక్షలు వాయిదా వేయకుడు. జ్వరము గాని, గొంతునొప్పి గాని, ఒంటిపై దద్దులు గాని కనబడినచో మా జాబు కొఱకు వేచియుండక వెంటనే ఆయనయొద్దకు పొండు.