పరిశోధనకు ముందు గిరాకీ కావాలి

మచిలీపట్నంలో రెండు రకాల పరిశ్రమలు పక్కపక్కనే బతుకుతున్నాయి. ఒకటి రక్షణ శాఖ కింద నడిచే భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) కర్మాగారం. రెండోది ఊళ్లోని చిలకలపూడి పేరుతో దేశమంతా అమ్ముడుపోయే రోల్డుగోల్డు నగల కార్ఖానాలు. బెల్ సంస్థ ఏటా తన టర్నోవరులో సుమారు 6 శాతం పరిశోధన, అభివృద్ధికే ఖర్చు పెడుతోంది. నగల కార్ఖానాల్లో పరిశోధన పేరిట పద్దు రాసుకునే యజమాని కనిపించడమే అరుదు. ఒకే ఊళ్లో ఇంత తేడా ఎందుకు వచ్చిందో తేల్చుకోకుండా ఎన్ని పారిశ్రామిక విధానాలు ప్రకటించినా ఫలితం అంతంతమాత్రమే.

చిన్న పరిశ్రమకు డబ్బు లేదు, చదువుకున్నవాళ్లు లేరు అన్నది తరచూ వినిపించే జవాబు. అందులో నిజం సగమే. నేటి బెల్ యూనిట్ కూడా చిన్నగా మొదలైందే. 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ విద్యాసంస్థలకు ప్రయోగశాల పరికరాలు తయారుచేసేది. కటకాలు సానబట్టే నేర్పు ఆ సంస్థకు ఉండేది. 1983లో బెల్ చేతికి వచ్చాక అదే నేర్పు చీకట్లో చూపునిచ్చే సైనిక పరికరాల వైపు మళ్లింది. అక్కడి కొనుగోలుదారు సైన్యం. తనకేం కావాలో ముందే చెబుతుంది, కఠినంగా పరీక్షిస్తుంది, నెగ్గిన సరుకుకు తగిన ధర ఇస్తుంది. పామర్రు దగ్గర నిమ్మలూరులో సుమారు రూ.360 కోట్లతో కట్టిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేశారంటే, దాని వెనక ఉన్నది ఆ భరోసానే.

రోల్డుగోల్డు కార్ఖానాలో తెలివికి కొదవేమీ లేదు. రేకు కోసి, అచ్చులో గుద్ది, టంకం పెట్టి, రాళ్లు పొదిగి, పూత వేసి, మెరుగు పెట్టే ప్రతి దశలోనూ తరాల అనుభవం పనిచేస్తుంది. కొత్త నమూనాకు అచ్చు చెక్కించాలంటే డబ్బూ పోవాలి, మంచి పనివాడి సమయమూ పోవాలి. తీరా ఆ నగ బజారుకెక్కగానే అచ్చుగుద్దినట్టు అలాంటిదే ఇంకోచోట తయారవుతుంది. చెక్కించినవాడికి ఖర్చు మిగులుతుంది, చూసి చేసినవాడికి లాభం మిగులుతుంది. కొత్తదనం వల్ల వచ్చే ఫలం దాన్ని కనిపెట్టినవాడికి పూర్తిగా దక్కదు కాబట్టి, మార్కెట్‌కే వదిలేస్తే పరిశోధన మీద పెట్టుబడి తక్కువే ఉంటుందని ఆర్థికవేత్త కెనెత్ యారో 1962లోనే వివరించారు. చిలకలపూడిలో జరుగుతున్నది అదే. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదైన నమూనాకు పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంది. కానీ ఒక పండగ సీజనుతో పాతబడే నగ కోసం దరఖాస్తులు పెట్టి, నకలు కొట్టినవాడిని వెతికి, కోర్టుల చుట్టూ తిరగడం చిన్న యజమానికి అయ్యే పని కాదు.

బియ్యం మిల్లుల సంగతీ చూద్దాం. ఇదే జిల్లాలోని మోపిదేవి, అవనిగడ్డ రైతుల ధాన్యం ప్రభుత్వం తరఫున మిల్లుకెళితే, క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం అప్పగించాలన్నది నిబంధన. మరపట్టే కూలీ కూడా ప్రభుత్వం నిర్ణయించినదే. అంతకన్నా నాణ్యంగా ఆడించినా అదనంగా దక్కేదేమీ లేనప్పుడు మిల్లరు కొత్త పద్ధతుల జోలికి ఎందుకు పోతాడు? అదే ప్రభుత్వం పథకాలకిచ్చే బియ్యంలో వందకు ఒక పాలు పోషక గింజలు కలపాలని పట్టుబట్టగానే మిల్లుల్లోకి బ్లెండర్లు వచ్చాయి. యంత్రం కొనడం పరిశోధన కాదు, నిజమే. కానీ కొనేవాడి షరతు మారితే తయారీదారు జేబు ఎటు తెరుచుకుంటుందో ఇది స్పష్టంగా చూపిస్తోంది.

మన విధానాలు మాత్రం ఇంకా రాయితీల చుట్టూనే తిరుగుతున్నాయి. స్థలం, షెడ్డు, కరెంటు చవగ్గా ఇస్తే పాత సరుకునే చవగ్గా చేస్తారు. పరిశోధన ఖర్చుపై ఒకప్పుడున్న 200 శాతం పన్ను మినహాయింపును కేంద్రం 2017లో 150కి, 2020లో 100కి తగ్గించింది. అసలు ఆ మినహాయింపు గుర్తింపు పొందిన సొంత పరిశోధన విభాగమున్న కంపెనీలకే తప్ప ఇలాంటి కార్ఖానాలకు అందలేదు. దేశం మొత్తం మీద పరిశోధన వ్యయం జీడీపీలో 0.64 శాతమే, అందులో ప్రైవేటు పరిశ్రమల వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. 2025లో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన నిధి కూడా ప్రయోగదశ దాటిన అధునాతన టెక్నాలజీలకు దీర్ఘకాలిక రుణాలిచ్చేదే. పూత తొట్టి ముందు కూర్చున్న యజమానికి అది అందే ఎత్తులో లేదు.

గిరాకీ ఒక్కటే చాలదు, దాన్ని అందుకునే సత్తా కూడా ఉండాలి. ఐరోపా బజారునే తీసుకోండి. ఒంటిని తాకే నగ నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదు. సీసం, కాడ్మియంపైనా పరిమితులున్నాయి. ఆ షరతు తీర్చగలిగితే చిలకలపూడి నగకు కొత్త ధర పలుకుతుంది. అందుకు పూత మందం కొలిచే యంత్రం, నికెల్ పరీక్ష, పూత తొట్టి రసాయనం తెలిసిన మనిషి కావాలి. ఏ ఒక్క కార్ఖానా ఇవన్నీ సొంతంగా సమకూర్చుకోలేదు. అందరూ కలిస్తే కష్టం కాదు.

కాబట్టి చేయాల్సిన పని స్పష్టం. మచిలీపట్నం దగ్గరి పోతేపల్లి నగల పార్కులో అందరూ వాడుకునే పరీక్షశాల పెట్టి, దాని నిర్వహణలో కృష్ణా విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగానికి బాధ్యత అప్పగించాలి. విజయవాడలోని రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ స్టార్టప్‌లతో పాటు ఈ కార్ఖానాల సమస్యలనూ చేపట్టాలి. ఇదే సూత్రంతో ప్రభుత్వ సంస్థలు పొరుగునున్న పెడన కలంకారీ కొనేటప్పుడు సహజ రంగులని పరీక్షలో తేలిన బట్టకే మంచి ధర ఇవ్వాలి. భౌగోళిక గుర్తింపు ఉన్నా స్క్రీన్ ప్రింటు నకళ్లతో పోటీపడలేకపోతున్న అద్దకందారుకు అది నిజమైన అండ. మిల్లింగ్ చార్జీలోనూ కొంత భాగాన్ని నాణ్యతకు ముడిపెట్టాలి. మెరుగైన సరుకుకు మెరుగైన ధర దక్కుతుందన్న నమ్మకం కుదిరిన రోజున, ఎవరూ చెప్పకుండానే ఈ యజమానుల పద్దుల్లో పరిశోధన ఖర్చు చేరుతుంది. ఆ నమ్మకం కలిగించడమే ప్రభుత్వం పని.